డులూత్‌లో కాపురం: లేక్ సుపీరియర్ ఒడ్డుకి వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం వైజాగ్ వాళ్ళం. మినెసోటాలోని డులూత్‌కి వచ్చాక ఇది మాకు తొమ్మిదో చలికాలం. ప్రతి ఏడూ యూనివర్సిటీ అడ్మిషన్లు వచ్చే రోజుల్లో, ఆస్పత్రుల్లో కొత్త డాక్టర్లు చేరే జూలైలో ఎవరో ఒకరు మా నంబర్ సంపాదించి ఫోన్ చేస్తారు, ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పబోయి సగం మర్చిపోతున్నాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

డులూత్ అంటే అట్లాంటా పక్కనున్నదేనా?

కాదు. అందరూ మొదట అడిగేది ఇదే, అడగడంలో తప్పేం లేదు. అట్లాంటా దగ్గరున్న డులూత్‌లో మనవాళ్ళు చాలామంది ఉంటారు, ఇండియన్ షాపులు, టిఫిన్ సెంటర్లు అన్నీ అందుబాటులో ఉంటాయి. అది జార్జియా. నిజానికి 1871లో అక్కడికి రైలు వచ్చినప్పుడు వాళ్ళు ఈ ఊరి పేరే తెచ్చి పెట్టుకున్నారు. ఉద్యోగం ఆఫర్ వస్తే ముందు రాష్ట్రం పేరు చూసుకోండి, ఎందుకంటే ఆ రెండు డులూత్‌ల మధ్య జనవరిలో ఉండే తేడా మీ బతుకునే మార్చేస్తుంది.

మన డులూత్ లేక్ సుపీరియర్‌కి పడమటి కొసన ఉంది. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు దగ్గర మొదలయ్యే ఐ-35 హైవే వచ్చి వచ్చి ఇక్కడ ఆగిపోతుంది. మినియాపోలిస్ నుంచి సుమారు 155 మైళ్ళు, రెండున్నర గంటల ప్రయాణం. 2020 జనాభా లెక్కల్లో 86,697 మంది. నీళ్ళకి అవతల విస్కాన్సిన్ రాష్ట్రంలో సుపీరియర్ అనే చిన్న ఊరుంది, రెంటినీ కలిపి ట్విన్ పోర్ట్స్ అంటారు.

ఊరు చూడటానికి ఎలా ఉంటుంది?

వైజాగ్ చూసినవాళ్ళకి సులువుగా చెప్పొచ్చు. వెనక కొండ, ముందు నీళ్ళు, మధ్యలో ఇరుక్కుని పొడుగ్గా సాగిన ఊరు, ఓడలు లోపలికి రావడానికి ఒక ఇరుకు కాలువ, ఇనుప ఖనిజం ఎత్తే రేవు. మన దగ్గర బైలదిల్లా నుంచి ఖనిజం రైల్లో దిగి వైజాగ్ పోర్టులో ఓడెక్కినట్టే, ఇక్కడ మెసాబీ రేంజ్ గనుల నుంచి టాకొనైట్ అనే ఇనుప ఖనిజపు గుళికలు రైల్లో వచ్చి ఓడల్లో పడతాయి, అక్కడి నుంచి దిగువనున్న మిగతా గ్రేట్ లేక్స్ ఒడ్డునున్న స్టీల్ ప్లాంట్లకి వెళ్తాయి. వెయ్యి అడుగుల పొడవున్న ఓడలు కూడా ఊరి నడిబొడ్డునుంచి, మనం చెయ్యి చాస్తే తగులుతుందేమో అన్నంత దగ్గరగా పోతాయి.

అవెన్యూలు కొండ మీంచి నీళ్ళ వైపు దిగుతాయి, స్ట్రీట్లు ఒడ్డుకి సమాంతరంగా పోతాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఊళ్ళో దారి తప్పడం కష్టం. పైన మాల్, ఎయిర్‌పోర్ట్, హెర్మన్‌టౌన్ ఉంటాయి, కింద డౌన్‌టౌన్, కెనాల్ పార్క్ ఉంటాయి. "కొండ మీదా, కిందా?" అన్నది ఇక్కడ చాలా ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే రెండు చోట్లా వాతావరణమే వేరు. జూలైలో మాల్ దగ్గర 85 డిగ్రీల ఫారన్‌హీట్‌లో చెమటలు కారుతుంటే, పది నిమిషాలు కారులో కిందికి దిగేసరికి తూర్పు గాలికి 58 ఉంటుంది, పొగమంచు కమ్మి కాలువ మీది బ్రిడ్జి కూడా కనపడదు. వాతావరణ వార్తల్లో రోజూ వినపడే "కూలర్ బై ద లేక్" అన్న మాటకి అర్థం అదే. ఎండాకాలమైనా కారులో ఒక స్వెటర్ పడేసి ఉంచండి.

చలి నిజంగా ఎంత ఉంటుంది? భరించగలమా?

భరించగలరు, కానీ సినిమాల్లో చూసిన మంచులా ఉంటుందనుకుని రావద్దు. ఏడాదికి సగటున 90 అంగుళాల మంచు పడుతుంది, అంటే ఏడున్నర అడుగులు. 1991లో హాలోవీన్ రోజు మొదలైన తుఫాను ఒక్కటే మూడడుగుల పైన కురిసింది, ఆనాటివాళ్ళు ఇప్పటికీ దాని గురించి నిన్నో మొన్నో జరిగినట్టు చెప్తారు. నవంబర్‌లో మొదలైతే ఏప్రిల్ దాకా, ఒక్కోసారి మే మొదటి వారంలో కూడా పడుతుంది.

మంచు కంటే గాలితోనే అసలు ఇబ్బంది. థర్మామీటర్ మైనస్ 15 ఫారన్‌హీట్ చూపిస్తుంటే గాలితో కలిపి మైనస్ 35, మైనస్ 40 అనిపిస్తుంది. మైనస్ 40 దగ్గర ఫారన్‌హీట్, సెల్సియస్ రెండూ ఒకటే అంకె, కాబట్టి ఇంటికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు లెక్క మార్చక్కర్లేదు. ఆ గాలిలో కప్పని చర్మం పది నిమిషాల్లో గడ్డకట్టి చచ్చుబడిపోతుంది. ముందు చెవి తమ్మెలు, ముక్కు కొస, చేతి వేళ్ళు. చర్మం తెల్లబడి స్పర్శ తెలీకపోతే వెంటనే లోపలికి రండి, రుద్దొద్దు, మంటకి దగ్గరగా పెట్టొద్దు, గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఏం బట్టలు కొనుక్కోవాలి? ఇండియా నుంచి తెచ్చుకోవాలా?

తెచ్చుకోకండి. మన దగ్గర అమ్మే జాకెట్లు ఊటీ చలికి, మహా అయితే మనాలీ చలికి. ఇక్కడికొచ్చి కొనుక్కోండి, మినెసోటాలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు. మోకాళ్ళ దాకా వచ్చే పార్కా (టోపీ ఉన్న మందపాటి చలి కోటు) ఒకటి, లోపలి లైనర్ ఊడదీసి ఆరబెట్టుకునే బూట్లు, ఉన్ని సాక్సులు, వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్స్. మిటెన్సే కొనండి, విడివిడి వేళ్ళ గ్లవ్స్ జనవరిలో పనికిరావు. కాటన్ సాక్సులు, కాటన్ బనియన్లు చెమట పట్టి తడిసి చలిని లోపలికి లాగుతాయి. సెప్టెంబర్‌లో సెకండ్ హ్యాండ్ దుకాణాలకి వెళ్తే మంచి పార్కాలు సగం కంటే తక్కువకి దొరుకుతాయి, డిసెంబర్‌కి ఖాళీ అయిపోతాయి.

బూట్ల కింద తొడుక్కునే ఇనుప గొలుసుల పట్టీలు కూడా కొనండి. మా ఇంట్లో చలివల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, రోడ్డు రంగులో కలిసిపోయి కనపడని పలచటి ఐస్ మీద జారి మా ఆవిడ మణికట్టు విరిగింది. మార్చిలో, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజుల్లో.

కారు తప్పనిసరా? మంచులో నడపడం రాదు, ఎలా?

యూనివర్సిటీ దగ్గరుండే విద్యార్థులకి డీటీఏ అనే సిటీ బస్సు చాలు, యూఎండీ (యూనివర్సిటీ ఆఫ్ మినెసోటా డులూత్) ఐడీ కార్డు చూపిస్తే టికెట్ అక్కర్లేదు. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళకి మాత్రం కారు లేకపోతే కష్టమే. వేరే రాష్ట్రం లైసెన్స్‌తో వస్తే 60 రోజుల్లో మినెసోటా లైసెన్స్ తీసుకోవాలి.

వింటర్ టైర్లు వేయించండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, అది బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. ఈ ఊళ్ళో సమస్యంతా కొండ దిగుతూ ఆగడంలోనే ఉంటుంది. మొదటి చలికాలం నిటారుగా ఉన్న అవెన్యూలు మానేసి, చుట్టు తిరిగైనా ఏటవాలు తక్కువున్న దారిలో వెళ్ళండి. మంచు పడ్డ మొదటి ఆదివారం ఏదైనా ఖాళీ పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళి, నెమ్మదిగా నడుపుతూ గట్టిగా బ్రేక్ వేసి చూడండి, బండి ఎంత దూరం జారుతుందో మీ కాలికి తెలియాలి. నేను కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ అలా తీసుకెళ్తాను.

డిక్కీలో దుప్పటి, పార, ఇసుక సంచి, జంపర్ కేబుళ్ళు, చాక్లెట్లు, ఒక జత పాత బూట్లు. పెట్రోల్ ఎప్పుడూ సగం ట్యాంక్ పైనే. హైవే మీద మంచులో ఇరుక్కుంటే కారు వదిలి నడవొద్దు, ఇంజన్ వేసేముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే విషవాయువు లోపలికొస్తుంది. ఇంట్లో కూడా అంతే, గోడ బయటికి పొడుచుకొచ్చిన ఫర్నెస్ గొట్టాల్ని తుఫాను తర్వాత చూసుకోవాలి.

ఇంకొకటి, పార్కింగ్. ఊళ్ళో చాలా వీధుల్లో ఒక వారం ఒక పక్క, తర్వాతి వారం రెండో పక్క కారు పెట్టాలి, ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది లోపు మార్చుకోవాలి. మంచు తీసే బండ్లకి దారి కోసం. ఆదివారం సాయంత్రానికి ఫోన్‌లో అలారం పెట్టేసుకోండి.

అద్దె ఇంట్లో వేడి చాలకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

ఇది నా కడుపు మంట. మేం దిగిన మొదటి అపార్ట్‌మెంట్‌లో డిసెంబర్ నెలంతా లోపల 58 డిగ్రీలే ఉండేది, మా పాప అప్పటికి ఎనిమిది నెలల పిల్ల, యజమాని ఫోన్ ఎత్తేవాడు కాదు. పరాయి దేశం, గొడవెందుకని ఊరుకున్నాం. అలా ఊరుకోకండి. 2024 జనవరి నుంచి మినెసోటా చట్టంలో స్పష్టంగా ఉంది: వేడి యజమాని చేతిలో ఉన్న ఇళ్ళలో అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంచాలి. థర్మామీటర్ ఫొటో తీసి, తేదీతో ఈమెయిల్ రాయండి. నోటి మాటగా చెప్పి వదిలేయొద్దు.

బిల్లు మీరే కట్టుకునే ఇల్లయితే పోయిన ఏడాది జనవరి గ్యాస్ బిల్లు ఎంతొచ్చిందో సంతకం పెట్టకముందే అడగండి. అద్దె తక్కువని తీసుకుంటే ఆ తేడా అంతా గ్యాస్‌కి పోతుంది. డబ్బు ఇబ్బంది వచ్చి బిల్లు కట్టలేకపోతే కోల్డ్ వెదర్ రూల్ అని ఒకటుంది, అదీ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకానే: కంపెనీకి మీరే ఫోన్ చేసి, మీ ఆదాయాన్ని బట్టి వాయిదాల ఒప్పందం చేసుకుని, దాని ప్రకారం కడుతూ ఉంటే చలిలో కనెక్షన్ తీయరు. ఫోన్ చేయకుండా కూర్చుంటే ఆ రక్షణ రాదు.

ఇల్లు కొనుక్కోవచ్చా?

కొనుక్కోవచ్చు. నూరేళ్ళు దాటిన ఇళ్ళు చాలా ఉంటాయి, చెక్క పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ బేస్‌మెంట్ చూడకుండా ముచ్చటపడొద్దు. 2012 జూన్‌లో రెండు రోజుల్లో పది అంగుళాల దాకా వాన పడి కొండ మీది వాగులన్నీ ఒక్కసారి దిగాయి. రోడ్లు లేచిపోయాయి, జూలో జంతువులు చనిపోయాయి, ఒక సీల్ అయితే జూలోంచి కొట్టుకొచ్చి నడిరోడ్డు మీద దొరికింది. కాబట్టి ఏ వాగు ఇంటి వెనక నుంచి పోతోందో, ఏ కాలువ రోడ్డు కింద నుంచి పోతోందో అడగండి. పాత ఇళ్ళలో నీటి గొట్టం సీసంతో చేసింది కావచ్చు, నగరం వాళ్ళు మారుస్తున్నారు, మీ ఇంటి లైను ఏదో వాళ్ళనే అడగొచ్చు. నీళ్ళు మాత్రం లేక్ నుంచే వస్తాయి, అంత మంచి నీళ్ళు నేనెక్కడా తాగలేదు.

లేక్‌లో ఈత కొట్టొచ్చా?

దీనికి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

దీన్ని సరస్సు అంటాం గానీ మన మనసులో సరస్సు అంటే వచ్చే బొమ్మ వేరు. 31,700 చదరపు మైళ్ళు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం. లోతు 1,333 అడుగుల దాకా ఉంది. ప్రపంచంలో నేల మీదున్న మంచినీళ్ళలో పదో వంతు ఇందులోనే ఉంది. ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు గిచిగామి అంటారు, పెద్ద నీరు అని. 1975 నవంబర్ 9న పక్కనే సుపీరియర్ రేవులో ఖనిజం ఎత్తుకుని బయల్దేరిన ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే 729 అడుగుల ఓడ మర్నాడు తుఫానులో మునిగింది, 29 మందిలో ఒక్కరూ బతకలేదు. ఇప్పటికీ నవంబర్ 10 సాయంత్రం స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్‌లో వాళ్ళ పేర్లు చదివి దీపం వెలిగిస్తారు.

పార్క్ పాయింట్‌లో మైళ్ళ పొడవునా ఇసుక తీరం ఉంది, చూస్తే రుషికొండ గుర్తొస్తుంది, అందుకే మన పిల్లలు దిగేస్తారు. రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి చలి. ఏడాది సగటు తీస్తే ఈ నీళ్ళు 40 డిగ్రీల ఫారన్‌హీట్, ఫ్రిజ్‌లో నీళ్ళ లెక్క. జూన్‌లో పైన ఎండ కాస్తున్నా నీళ్ళు అలాగే ఉండొచ్చు. ఒక్కసారి మునిగితే ఊపిరి మీద మన అదుపు పోతుంది, తెలీకుండానే నోరు తెరిచి పీల్చేస్తాం, నీళ్ళు లోపలికి పోతాయి. ఈతగాళ్ళయినా అంతే. రెండోది రిప్ కరెంట్, ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం, గాలి ఉన్న రోజుల్లో వస్తుంది. తీరంలో జెండాలుంటాయి, ఎర్ర జెండా ఉంటే చీలమండ దాకా కూడా దిగొద్దు. లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి.

జూలై చివర, ఆగస్టులో, గాలి లేని రోజున, పచ్చ జెండా ఉంటే, నడుం లోతు దాకా, నలుగురితో కలిసి వెళ్ళండి, చాలా బాగుంటుంది. చలికాలంలో లేక్ మీద గడ్డకట్టిన ఐస్ ఎక్కొద్దు, గాలి మారితే ఆ పలక ఒడ్డు నుంచి విడిపోయి మిమ్మల్నీ పట్టుకుపోతుంది. ఇంటి నుంచి ఇంత దూరం చదువుకోడానికి వచ్చిన పిల్లల్ని తలుచుకునే ఇది రాస్తున్నాను. ఫొటో కోసం కాలువ గోడ చివరికి తుఫాను రోజున వెళ్ళే అలవాటు కూడా ఉంది కొందరికి. వద్దు నాన్నా.

"బ్రిడ్జ్డ్" అంటే ఏంటి? ఆఫీసులో అందరూ అంటున్నారు.

కాలువ మీద ఏరియల్ లిఫ్ట్ బ్రిడ్జి ఉంది. 1905లో కట్టినప్పుడు రోడ్డు ఉండేది కాదు, వేలాడే పెట్టెలో జనాన్ని, బండ్లని అవతలికి చేర్చేవారు. 1930 నాటికి రోడ్డుతో సహా పైకి లేచే వంతెనగా మార్చారు. ఓడ వచ్చినప్పుడల్లా వంతెన లేస్తుంది, పార్క్ పాయింట్‌లో ఉండేవాళ్ళు అటో ఇటో ఆగిపోతారు. అలా ఆగిపోవడాన్నే బ్రిడ్జ్డ్ అంటారు. ఆఫీసుకి ఆలస్యమైతే ఇక్కడ అది ఒప్పుకునే కారణమే. ఓడ హారన్ కొడుతుంది, వంతెన బదులు హారన్ కొడుతుంది, కొండ మీద మా ఇంటికి కూడా వినపడుతుంది.

సరుకులు, కూరగాయలు, గుడి?

పప్పులు, సోనా మసూరి, కరివేపాకు, బెండకాయలు మేం నెలకోసారి మినియాపోలిస్ వైపు వెళ్ళి తెచ్చుకుంటాం. రెండు మూడు కుటుంబాలం వంతులు వేసుకుంటాం, వెళ్ళేవాళ్ళకి మిగతావాళ్ళు జాబితా పంపుతారు. మినియాపోలిస్ పక్కనున్న మేపుల్ గ్రోవ్‌లో హిందూ దేవాలయం పెద్దది, దర్శనం, భోజనం, సరుకులు ఒకే రోజులో అయిపోతాయి. శనివారం పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు, డిసెంబర్ నుంచి మార్చి దాకా మాత్రం వాతావరణం చూసుకునే బయల్దేరండి.

తోట పెట్టుకునేవాళ్ళకి: మే చివర దాకా నేలలో ఏమీ నాటొద్దు. మెంతికూర, కొత్తిమీర హాయిగా వస్తాయి. గోంగూర కావాలంటే ఏప్రిల్‌లో లోపల లైటు కింద మొలకెత్తించి జూన్ మధ్యలో కుండీతో బయట పెట్టాలి, రెండు మూడు కోతలొస్తాయి, పచ్చడికి చాలు. జింకలు చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటాయి, కంచె లేకపోతే మీకేమీ మిగలదు. శరదృతువులో చెత్త డబ్బాల కోసం ఎలుగుబంట్లు కూడా వస్తాయి, డబ్బా ముందు రాత్రే బయట పెట్టొద్దు.

చేపలు తినేవాళ్ళకి బెంగ లేదు. వైట్‌ఫిష్ పులుసుకి బాగుంటుంది, లేక్ హెర్రింగ్ వేపుడుకి. గర్భిణులు, చిన్నపిల్లలు ఏ చేప ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ చెప్తుంది, పాదరసం వల్ల, అది చూసుకోండి. ఇక్కడి వైల్డ్ రైస్ కూడా రుచి చూడండి. అది మన వరి కాదు, నీళ్ళలో పెరిగే వేరే గడ్డి గింజ, ఒజిబ్వేలు మనూమిన్ అంటారు, పడవల్లో వెళ్ళి కర్రలతో దులిపి తెస్తారు. పులిహోరకి నప్పదు, పెసరపప్పుతో కలిపి పొంగలి చేస్తే మాత్రం మా ఇంట్లో గిన్నె ఖాళీ.

తెలుగువాళ్ళున్నారా? పండగలెలా?

ఉన్నాం, తక్కువమందిమి. ఆస్పత్రుల్లో డాక్టర్లు, యూఎండీలో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు, కొద్దిమంది ఇంజనీర్లు. డల్లాస్‌లో లాగా ఏ పేటవాళ్ళు ఆ పేటవాళ్ళతో కలిసే సంఖ్య లేదు కాబట్టి ఇక్కడ అందరం ఒకటే గుంపు. ఆంధ్రా, తెలంగాణా, తమిళం, మలయాళం, గుజరాతీ, అందరం కలిసే. మా పాపకి బతుకమ్మ తెలిసింది వరంగల్ నుంచి వచ్చిన స్నేహితుల వల్లే. తంగేడు దొరకదు, రోడ్ల పక్కన పూసే గోల్డెన్‌రాడ్, ఆస్టర్లు, ఎవరి పెరట్లోనో మిగిలిన బంతిపూలు పేర్చారు. లేక్ ఒడ్డున ఆడి, నీళ్ళలో వదలకుండా పూలు ఇంటికి తెచ్చి మట్టిలో కలిపేశారు. సంక్రాంతికి ముగ్గు ఎలా అనుకుంటే, స్ప్రే సీసాల్లో రంగు నీళ్ళు పోసి పిల్లలు మంచు మీద వేస్తారు. వారం దాకా చెరగదు.

ఉద్యోగాలున్నాయా?

ఆరోగ్య రంగం పెద్దది, రెండు ఆస్పత్రి వ్యవస్థలున్నాయి. యూనివర్సిటీలు, విద్యుత్ సంస్థ, చిన్న విమానాలు తయారుచేసే సిర్రస్, బట్టల కంపెనీ మారిసెస్ హెడ్ ఆఫీసు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు లెక్కపెట్టేటన్నే. దాపరికం లేకుండా చెప్తున్నాను, హెచ్1బి మీద ఉండి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇదే ఊళ్ళో ఇంకోటి దొరకడం కష్టం, సామాను సర్దుకుని వెళ్ళాల్సి రావచ్చు. కాబట్టి ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఇల్లు కొనేముందు రెండుసార్లు ఆలోచించండి. చదువుకోడానికి వచ్చే పిల్లలు ఇంటర్న్‌షిప్‌లకి మినియాపోలిస్ వైపు చూడాలి, మొదటి సెమిస్టర్ నుంచే.

తెల్లవాళ్ళ ఊరు కదా, మనల్ని ఎలా చూస్తారు?

ఎక్కువమంది తెల్లవాళ్ళే, నిజం. మాకు రోజువారీ బతుకులో ఇబ్బంది ఎదురైంది చాలా తక్కువ. మంచులో బండి ఇరుక్కుంటే పేరు కూడా చెప్పకుండా నెట్టి వెళ్ళిపోతారు. కానీ స్నేహం నెమ్మది. నవ్వుతారు, పలకరిస్తారు, ఇంటికి పిలవడానికి రెండేళ్ళు పడుతుంది. ముందు మీరే పిలవండి, మేం పక్కింటివాళ్ళని దోసెలకి పిలిచాక వాళ్ళు మమ్మల్ని ఆవిరి స్నానానికి పిలిచారు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ కదా, సౌనా అంటే వాళ్ళకి మన ఇంట్లో కాఫీ ఇవ్వడం లాంటిది.

ఈ ఊరి చరిత్రలో ఒక చీకటి రోజు కూడా ఉంది, తెలుసుకుని రండి. 1920 జూన్ 15న ఎలియాస్ క్లేటన్, ఎల్మర్ జాక్సన్, ఐజాక్ మెగీ అనే ముగ్గురు నల్లజాతి యువకుల్ని, సర్కస్‌లో పని చేసుకోడానికి వచ్చినవాళ్ళని, వేలమంది గుంపు జైల్లోంచి లాక్కొచ్చి నడివీధిలో ఉరితీసింది. చాలా ఏళ్ళు దీని గురించి ఎవరూ మాట్లాడలేదు. 2003లో అదే కూడలిలో ముగ్గురి నిలువెత్తు ప్రతిమలతో స్మారకం కట్టారు. మా పాపకి చదవడం వచ్చాక అక్కడికి తీసుకెళ్ళి ఆ పేర్లు చదివించాం.

చీకటి, ఒంటరితనం?

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర కాకముందే సూర్యుడు దిగిపోతాడు. మొదటి ఏడాది మంచు కొత్తగా, సరదాగా ఉంటుంది. రెండో చలికాలం ఫిబ్రవరిలో చాలామందికి మనసు కుంగుతుంది, మాకూ అయింది. డాక్టర్‌తో మాట్లాడి విటమిన్ డి చూపించుకోండి, పొద్దున పూట వాడే పదివేల లక్స్ లైటు గురించి అడగండి. అన్నిటికంటే పనిచేసింది బయటికెళ్ళడమే. మంచులో కూరుకుపోకుండా కాళ్ళకి కట్టుకునే స్నోషూలు వేసుకుని అడవి దారిలో గంట నడిచి వస్తే ఆ రాత్రి నిద్ర పడుతుంది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వైజాగ్ బీచ్ వీడియోలు చూస్తే బెంగ ఇంకా పెరుగుతుంది, ఆ సంగతి అనుభవంతో చెప్తున్నాను.

జూన్‌లో లెక్క తిరగబడుతుంది, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు. సెప్టెంబర్‌లో హాక్ రిడ్జ్ మీదికి వెళ్ళండి, ఉత్తరం నుంచి వచ్చే గద్దలు లేక్ దాటలేక ఒడ్డు వెంబడి మన తల మీంచే దక్షిణానికి పోతాయి. 2003లో ఒక్క రోజే లక్షకి పైగా లెక్కపెట్టారు.

అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకురావాలి?

జూలై నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. మే నెల వద్దు, పూలు పూస్తాయనుకుంటాం గానీ పొగమంచు, చలిగాలి, వాళ్ళు కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చుంటారు. మినియాపోలిస్‌లో దింపి కారులో తీసుకొస్తే నయం, డులూత్ దాకా ఇంకో విమానం మారితే పెద్దవాళ్ళు అలిసిపోతారు.

మా నాన్నగారు వైజాగ్ పోర్టులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. వచ్చిన మొదటి వారం ఏం తోచక ఇబ్బంది పడ్డారు. రెండో వారం కాలువ పక్కన మారిటైమ్ మ్యూజియం దగ్గర ఏ ఓడ ఎన్నింటికి వస్తుందో పెట్టే బోర్డు ఆయన కంట పడింది. అంతే, ఒక నోట్‌బుక్ కొనుక్కున్నారు. ఓడ పేరు, పొడవు, ఎత్తుకున్న సరుకు, వచ్చిన టైము. పొడవు మూడు, పొట్టి రెండు హారన్లు కొడితే కెప్టెన్ సలామని అక్కడి పెద్దాయనెవరో చెప్పారట, ఆ రోజు రాత్రి భోజనం దగ్గర అదే మాట. ఖనిజం రేవు చూపించడానికి తీసుకెళ్తే కారు దిగకుండానే లోడింగ్ ఎలా జరుగుతుందో నాకే వివరించారు.

మరి మీరెందుకు ఉండిపోయారు?

రెండేళ్ళు ఉండి వెళ్ళిపోదామనే వచ్చాం. పాప బడి, కొండ మీది ఇల్లు, పక్కింటివాళ్ళు, ఇవన్నీ కారణాలే. కానీ నిజంగా అడిగితే, పొద్దున లేచి కర్టెన్ తీయగానే ఈ రోజు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, అది ఇంకెక్కడ దొరుకుతుంది? పిల్లల్ని దగ్గర్లో తెలుగు బడికి పంపాలి, వారం వారం గుడికి వెళ్ళాలి, బంధువులు గంట దూరంలో ఉండాలి అనుకునేవాళ్ళు ఇక్కడ సుఖంగా ఉండలేరు, వాళ్ళకి నేను రమ్మని చెప్పను. నీళ్ళ పక్కన పెరిగినవాళ్ళకి మాత్రం తప్పకుండా చెప్తాను.

లేక్ సుపీరియర్ నుంచి కింది సరస్సులకి ఓడల్ని దించే సూ లాక్స్‌ని జనవరి 15 నుంచి మూసేస్తారు, పెద్ద ఓడలు ఆగిపోతాయి, హారన్ వినపడదు. మార్చి 25న మళ్ళీ తెరుస్తారు. ఆ వారంలో ఎప్పుడో ఒక రాత్రి వైజాగ్ నుంచి నాన్నగారి ఫోను, మేం ఎలా ఉన్నామని అడక్కముందే: "మొదటి ఓడ వచ్చిందేంట్రా?"